నాలుగో తుపాకి

మా అమ్మా బాపూ మాట్లాడుకోవాలంటే మధ్యలో నేనుండాలి. ముగ్గురం ఒకే వరుసలో కూర్చుని అన్నం తింటున్నా సరే, బాపు నా వైపు చూసి, "అరుణా, మీ అమ్మకు చెప్పు, పప్పుల ఉప్పు లేదు" అంటాడు. అమ్మ కూడా నా వైపే చూసి, "మీ బాపుకు చెప్పు, ఉప్పు డబ్బ ఆయన మోకాలు పక్కనే ఉన్నది" అంటుంది. ఇద్దరి చెవులూ బాగానే పనిచేస్తాయి, నేను మోయాల్సిందేమీ లేదు, కానీ నేను లేచి వెళ్లిపోతే మాత్రం ఇద్దరూ మూగవాళ్లయిపోతారు. ఎనభై మూడు వానాకాలంలో ఆ మాటలు నా తల మీదుగా రాళ్లలా పోయాయి.

కారణం ఒక కాయితం. జూన్ నెలాఖరున మట్టెవాడ ఠాణా నుంచి జవాను దాన్ని తెచ్చి, స్టేషన్ రోడ్డులో మా ఇనుప సామాన్ల దుకాణం మెట్ల మీద గొడుగు దులుపుకుంటూ చెప్పాడు. ఢిల్లీలో కొత్త చట్టం వచ్చిందట. లైసెన్సు ఉన్నా సరే, ఒక మనిషి దగ్గర మూడుకు మించి తుపాకులు ఉండకూడదట. ఎక్కువున్నవాళ్లు తొంభై రోజుల్లో మూడు ఉంచుకుని మిగతావి ఠాణాలో అప్పజెప్పాలట.

మా ఇంట్లో నాలుగున్నాయి.

నాలుగూ డబుల్ బ్యారెల్ తుపాకులే, నాలుగూ వయసులో మా బాపు కంటే పెద్దవే. దునాలి అంటారు మా దిక్కు. బాపు పేరు మల్లికార్జున్, పొద్దంతా మేకులు, గొలుసులు, నాగటి కర్రులు అమ్ముతాడు. వాళ్ల నాయన దొరల గడుల ముందు చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడ్డవాడు. అందుకని ఆ దొరలు చితికిపోయి సామాన్లు అమ్ముకుంటున్నారని తెలిస్తే చాలు, మా బాపు కొత్త చెప్పులేసుకుని మరీ వెళ్లి తుపాకి కొనుక్కొచ్చేవాడు. ఒకటి హైదరాబాద్ నవాబుది, వెండి పట్టీ మీద కౌజు పిట్టలు చెక్కి ఉంటాయి, ఆ పిట్టల ఈకలు కూడా లెక్కపెట్టొచ్చు! ఒకటి డోర్నకల్‌లో రిటైరైన ఇంగ్లీషు ఇంజిన్ డ్రైవరుది. ఒకటి రఘునాథపల్లి దొరది. నాలుగోది పాలంపేటది, అది నాది.

నాది అని లైసెన్సులో లేదు. కానీ అది మా ఇంటికొచ్చినప్పుడు తుపాకి కాదు, తుక్కు. ఒక పటేలు గడ్డివాము పక్కన ఏళ్ల తరబడి పడి ఉంది. ఒక నాలీలో, అంటే తూటా పోయే గొట్టంలో, కందిరీగలు మట్టిగూడు కట్టాయి. భుజానికి ఆనించే కర్ర, దాన్ని కుందా అంటాం, నిలువునా పగిలిపోయింది. కాలేజీ నుంచి వచ్చి పుస్తకాలు అటు పడేసి దాని మీద పడేదాన్ని, మూడు వానాకాలాలు. వానాకాలమే ఎందుకంటే, ఆ నాలీలు ఇనుప పట్టీలను తాడులా పేని చేసినవి. పైన మందు రాసి తేమ గాలిలో వేలాడదీస్తే సన్నగా తుప్పు లేస్తుంది, దాన్ని రుద్దేయాలి, మళ్లీ రాయాలి, మళ్లీ రుద్దాలి. పన్నెండోసారో పదమూడోసారో ఒక పొద్దున చూస్తే, లోపలి పేనుడంతా గోధుమరంగులో పైకి తేలి ఉంటుంది, చెరువు మీద గాలి పోయినట్టు! ఆ పొద్దున నేను పళ్లు తోముకోవడం కూడా మర్చిపోయాను.

ఇదంతా నేర్పింది మా వీధి చివర వడ్ల కట్టయ్య తాత. ఆయన నాలీలను దారంతో వేలాడదీసి గోటితో కొట్టేవాడు. గంటలా మోగితే మంచిది, డబ్బాలా చప్పుడైతే లోపల అతుకు ఊడినట్టు. పాలంపేటది గుడిగంటలా మోగింది.

"బాపూ, ఏది ఇచ్చేస్తవ్?" అని అడిగాను ఆ రోజు.

"ఏదేంది? పాలంపేటదే."

"అది నేను చేసిన!"

"చేసినవు, మంచిగనే చేసినవు. కని దానికి పేరేమున్నది బిడ్డా? నవాబుదా, దొరదా? గడ్డివాముల దొరికింది."

"అయితె నా పేరు మీద లైసెన్సు తీయి."

"నీకు ఇరవై ఒకటి నిండాలె. గా కాయిదంల అది గూడ రాసిన్రు. మొన్నటిదాక పదహారే ఉండె."

నాకప్పుడు ఇరవై. మార్చిలో ఇరవై ఒకటి. తొంభై రోజులు సెప్టెంబర్‌లో అయిపోతాయి. ఒకే చట్టం నన్ను రెండు చేతులా కొట్టింది.

ఇక మిగిలింది అమ్మ.

"అరుణా, మీ అమ్మనడుగు" అన్నాడు బాపు రాత్రి అన్నాల దగ్గర. "ఆమె పేరు మీద ఓ లైసెన్సు తీస్తె నాలుగూ ఇంట్లనే ఉంటయి."

అమ్మ రొట్టె తిప్పుతూ, "మీ బాపుకు చెప్పు. ఈ ఇంట్ల నా పేరు మీద గంటె గూడ లేదు. మొట్టమొదటిది తుపాకేనా?" అంది.

"గంటె కావాల్నంటె రాసిస్త, చెప్పు మీ అమ్మకు."

"గంటె ఆయన్నే ఉంచుకొమ్మను. రేపటి సంది వంట గూడ ఆయన్నే చేసుకొమ్మను."

జులై అంతా ఇదే. నేను మొదట బతిమాలాను, తర్వాత అలిగాను, తర్వాత అరిచాను. మా అమ్మ అనసూయకు తుపాకులంటే అసహ్యం. నేను పనిచేసే వెనక గదిలో ఒక్కనాడు అడుగు పెట్టలేదు. నా చేతులకు నూనె వాసన వస్తుందని నాకు వేరే చెంబు పెట్టింది.

"ఒక్క సంతకం అమ్మా! సంతకం పెడితె నీ చేతులు అరుగుతయా?"

"మీ బాపుకు దొరతనం కావాలె, నీకు ఇనుము కావాలె. ఇద్దరికీ నా పేరు కావాలె. నాకేం కావాల్నో అడిగినోడు లేడు."

"ఏం కావాలె చెప్పు మరి!"

"అవుతలికి పో. నీ నాలీలు కడుక్కో."

ఒక రోజు కోపం పట్టలేక, "నువ్వు పల్లెటూరి కిరాణా కొట్ల పుట్టినవ్, ఉప్పు పప్పు తప్ప నీకేం తెలుసు" అన్నాను. అమ్మ చీపురు అందుకుని ముందు గది ఊడ్చింది, ఊడ్చి ఊడ్చి గచ్చు అరిగిపోతుందేమో అనిపించింది. అమ్మ పుట్టిల్లు రఘునాథపల్లి. తాతకు అక్కడ చిన్న కిరాణా దుకాణం ఉండేదట, నేను పుట్టకముందే పోయాడు.

ముందు గదిలో బాపు కుర్చీ పైన గోడకు గొలుసూ తాళమూ వేసి వేలాడేది ఒక్క రఘునాథపల్లి తుపాకే. మిగతా మూడూ అల్మారాలో. ఎవరొచ్చినా బాపు దాన్నే చూపించేవాడు. "మా మామను గడగడ వణికిచ్చిన దొరది. ఇగో, ఇయ్యాల నా నెత్తిమీద మేకుకు వేలాడ్తాంది!" అని. ఒక సంగతి మాత్రం నాకు ఎప్పుడూ అర్థమయ్యేది కాదు. తుపాకులంటే అంత మండే అమ్మ, శుక్రవారం ఇల్లు కడిగినప్పుడల్లా స్టూలు వేసుకుని ఎక్కి, కొంగుతో ఆ ఒక్క తుపాకి కుందాను తుడిచేది. దుమ్మంటే పడదు కదా, అందుకే అనుకున్నాను.

ఆగస్టులో ఒక శుక్రవారం అలా తుడిచి కిందికి దిగి, స్టూలు పక్కకు జరిపి, బాపు మొహంలోకి చూసి మాట్లాడింది. నా ద్వారా కాదు. నేరుగా.

"సంతకం పెడత. కని నా పేరు మీదికి రఘునాథపల్లిదే రావాలె."

బాపు చేతిలోంచి పేపరు జారిపోయింది. "ఏదైతేంది! ఇంట్లనే ఉంటది గదా?"

"నాదైతె నాదే. గట్లయితెనే."

"నీదే, నీదే! తీస్కో!" బాపు నవ్వాడు. నేను అక్కడే గెంతాను. రఘునాథపల్లిది అమ్మ లెక్కలోకి పోతే బాపుకు మూడే మిగులుతాయి, వాటిలో నా పాలంపేటది ఉంటుంది! అమ్మను వాటేసుకోబోతే, "నూనె చేతులు" అని పక్కకు తప్పుకుంది.

ఎంక్వయిరీకి ఎస్సై ఇంటికే వచ్చాడు. కుర్రవాడు, కొత్తగా వచ్చాడు. టీ తాగుతూ కాయితం చూసి, "అమ్మా, తుపాకి ఎందుకు కావాలో రాయాలె. మీకెవరితోనన్న ప్రాణభయం ఉన్నదా?" అన్నాడు.

బాపు అందుకున్నాడు. "వ్యాపారస్తులం గదా సార్, రోజులు బాగలెవ్వు..."

"నేనడిగింది అమ్మను."

అమ్మ చీర కొంగు భుజం చుట్టూ లాక్కుంది. "సారూ, తుపాకి భయపడేటోళ్లకిస్తరా, భయపెట్టేటోళ్లకిస్తరా?"

ఎస్సై కప్పు దించాడు. "భయపడేటోళ్లకే అమ్మా. చట్టం ప్రకారం."

"నేను తొమ్మిదేండ్ల సంది భయపడ్డ. అప్పుడెవ్వరు ఇయ్యలె."

"తొమ్మిదేండ్ల సందా?"

"తొమ్మిదేండ్లప్పటి సంది" అంది అమ్మ.

బాపు గట్టిగా దగ్గి, "సార్‌కు ఇంకో చాయ్ తే అరుణా" అన్నాడు. ఎస్సై ఏం రాసుకున్నాడో తెలియదు. కానీ సెప్టెంబర్‌లో, వినాయక చవితి వెళ్లిన మూడో రోజు, గడువుకు ఇంకా వారం ఉందనగా లైసెన్సు పుస్తకం వచ్చింది. మొదటి పేజీలో అమ్మ ఫోటో, కెమెరా మీద కూడా కోపంగానే ఉంది. సోమవారం తుపాకి తీసుకుని ఠాణాకు వస్తే నంబరు సరిచూసి ఎక్కిస్తామన్నారు.

శనివారం పొద్దున అమ్మ జనగామలో పెద్దమ్మ వాళ్లింటికి వెళ్లింది, ఆదివారం సాయంత్రం వస్తానంది. నాకు ఒక ఆలోచన వచ్చింది. అమ్మకు నేను ఏదన్నా చేయాలి! నా తుపాకిని కాపాడింది, నేను కిరాణా కొట్టు అని నోరు జారినా సంతకం పెట్టింది. నాకు వచ్చిన పని ఒక్కటే కదా.

"బాపూ, రఘునాథపల్లిది ఒక్కసారి దించు. అమ్మ పేరు మీదికి పోయేటప్పుడు కొత్తదాని లెక్క ఉండాలె."

అప్పటిదాకా దాన్ని నన్ను తాకనిచ్చేవాడు కాదు బాపు, దొరది అని. ఆ రోజు నవ్వి తాళం తీశాడు. "చెయ్యి. ఠాణాల చూసి కండ్లు తిరగాలె."

రెండు రోజులు! నాలీల్లో మసి తీశాను, తూటాలను పేల్చే గుర్రాలు రెండూ విప్పి కిరోసిన్‌లో నానబెట్టాను, బిగుసుకుపోయిన మరలను ఒక్కటి కూడా చెడగొట్టకుండా తిప్పాను. చివరికి కుందా. మంచి అక్రోటు కర్ర, లోపల తేనెరంగు గీతలు, కానీ ఎడమ చెంప మీద వికారంగా ఒక గుంత. అర్ధచంద్రం ఆకారంలో, బొటనవేలు పట్టేంత లోతు. ఎవరో బరువైనదేదో వేసి కొట్టినట్టుంది. దాన్ని చూస్తే నాకు పన్ను నొప్పిలా ఉండేది, గోడ మీద చూసిన ప్రతిసారీ.

కట్టయ్య తాత చెప్పేవాడు, "తెగిన కర్ర లేవది, నలిగిన కర్ర లేస్తది" అని. ఇది తెగలేదు, నలిగింది. పై పూత గీకేసి, గుంత మీద తడిగుడ్డ పరిచి, అమ్మ చీరలు చేసుకునే బొగ్గుల ఇస్త్రీ పెట్టె మొన దాని మీద ఆనించాను. చుయ్యిమని ఆవిరి లేచింది. గుడ్డ తీసి చూస్తే గుంత సగమైంది! మళ్లీ తడిపాను, మళ్లీ ఆనించాను. నీళ్లు తాగి కర్ర ఊపిరి పీల్చుకున్నట్టు మెల్లగా ఉబ్బింది. పదహారోసారికి అరచేయి పెట్టి చూస్తే అక్కడ ఏమీ లేదు. తర్వాత అవిసె నూనె, అరచేత్తో, వేడి పుట్టేదాకా, మధ్యాహ్నమంతా. నా జీవితంలో అంత చక్కటి పని నేను చేయలేదు. ఇప్పుడు కూడా అదే మాట అంటాను.

ఆదివారం సాయంత్రం అమ్మ రిక్షా దిగి లోపలికి వచ్చేసరికి, తుపాకి ముందు గదిలో బల్ల మీద తెల్లగుడ్డ పరిచి పెట్టి ఉంది. నేను పక్కన నిలబడ్డాను, బహుమతి ఇచ్చేవాళ్లలా.

అమ్మ చేతిలో సంచీ కింద పెట్టలేదు. వచ్చి చూసింది. బొటనవేలు కుందా ఎడమ చెంప మీద పెట్టి ఇటు జరిపింది, అటు జరిపింది. వెలుతురు చాలడం లేదేమో అని తలుపు పూర్తిగా తీసి మళ్లీ జరిపింది.

"ఈడ ఒక గుంత ఉండె."

"తీసేసిన అమ్మా! అసలు కానస్తలేదు కదా?"

"కానస్తలేదు."

"నీ ఇస్త్రీ పెట్టెతోనే చేసిన."

అమ్మ నా వైపు చూసింది. నిజం చెప్తున్నాను, నన్ను కొడుతుందనుకున్నాను. సంచీలోంచి పెద్దమ్మ పంపిన సకినాల పొట్లం తీసి నా చేతిలో పెట్టి, వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ రాత్రి అన్నాల దగ్గర నా ద్వారా కూడా ఎవరికీ ఏమీ చెప్పలేదు.

సోమవారం ముగ్గురం ఠాణాకు వెళ్లాం. సన్నగా వాన. తుపాకి సంచీ అమ్మే పట్టుకుంది, ఇవ్వమన్నా ఇవ్వలేదు. ఎస్సై నంబరు చదివాడు, రైటరు పుస్తకంలో ఎక్కించి ముద్ర వేశాడు. "ఇగ ఇది మీదమ్మా" అన్నాడు ఎస్సై. "ఎంత మంచిగుంచిన్రు!"

"పక్కా నాదే కదా సారు?"

"పక్కా."

అమ్మ తుపాకిని రెండు చేతులతో ఎత్తి, ఎస్సై బల్ల మీద, కాయితాల మీద, టీ కప్పు పక్కన, అడ్డంగా పెట్టింది. పెట్టి ఒక అడుగు వెనక్కి జరిగింది.

"అయితె తీస్కోన్రి. నాకొద్దు. ఎక్కడ సంతకం పెట్టాలె?"

"ఏమే!" బాపు కుర్చీలోంచి లేచాడు. "పిచ్చి లేసిందా? సార్, ఆమె మాట వట్టించుకోకున్రి, నాకియ్యిన్రి, నేను తీస్కపోత."

ఎస్సై ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మీకు ఆల్రెడీ మూడున్నయి మల్లికార్జున్ గారూ. నాలుగోది మీకు ఇయ్యరాదు. అమ్మా, జర ఆలోచించుకోన్రి. ఇది మాల్‌ఖానా గదిల వడితె మల్ల రాదు. తుప్పు వడ్తది."

"పట్టనియ్యిన్రి."

"ముప్పై ఏండ్లు గజగజ వణికిచ్చిన దొర తుపాకి! నీ కోసమే తెచ్చిన కదనే! నీ నాయన పగ తీర్చిన!" బాపు గొంతు ఠాణా అంతా వినిపించింది. జవానులు తలుపు దగ్గరికొచ్చారు.

అమ్మ సంతకం పెట్టి, కలం మూత పెట్టి, అప్పుడు అంది. "నువ్వు తీర్చలె. ఆయన్నే తీర్చుకున్నడు."

బాపు వానలో నడిచి వెళ్లిపోయాడు. నేనూ అమ్మా రిక్షా ఎక్కాం. ముందు పరదా దించారు, లోపల చీకటి, రబ్బరు వాసన. నాకు ఏడుపొస్తోంది, తుపాకి పోయిందని, నా రెండు రోజుల పని పోయిందని.

"నా మీద కోపమా?" అన్నాను.

చౌరస్తా దాటాక అమ్మ నోరు విప్పింది.

"దొర మా దుకాణానికి వచ్చేది. తుపాకి తీసి గల్లా పెట్టె మీద అడ్డం పెట్టేది, గిట్లనే. పెట్టి బెల్లం తినుకుంట కూసునేది. ఏది కావాల్నంటె అది బండిల ఏయించుకునేది. మా నాయన చేతులు కట్టుకొని నిలవడేది. నాకు తొమ్మిదేండ్లు. ఓ నాడు నన్ను జూపిచ్చి, దీన్ని గడికి పంపు, పనికుంటదన్నడు."

రిక్షా గుంతలో పడి లేచింది.

"మా నాయన తక్కెట్లకెళ్లి రెండు సేర్ల ఇనుప బాటు తీసి తుపాకి మీద ఏసి కొట్టిండు. దొరను కొట్టలె. తుపాకిని కొట్టిండు. గా ఒక్క దెబ్బనే. అటెన్క చింతచెట్టుకు కట్టేసి కొట్టిన్రు. ఆయన కుడిచెయ్యి మల్ల లేవలె, సచ్చేదాక. దొర గా గుంతను బాగుచేయించలె. దాన్ని జూపిచ్చుకుంటనే ఊరును బెదిరిచ్చిండు. మీ బాపు తుపాకి తెచ్చిన్నాడు నేను ముందుగాల గుంతనే చూసిన. ఉన్నది. మా నాయన దెబ్బ ఉన్నది."

"నాకెందుకు చెప్పలేదు?"

"నన్నడిగిన్రా ఎవరన్న?"

నేను పరదా అంచు పట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి అమ్మే అడిగింది, నిజంగా తెలుసుకోవాలన్నట్టు. "కర్ర ఎట్ల లేసిందే?"

"నీళ్లు... వేడి."

"గంతేనా" అంది. "మా నాయన చేతికి గన్ని కాపడాలు పెడితిమి."

బాపు నెల రోజులు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు, నా ద్వారా కూడా. కుర్చీ పైన రెండు మేకులూ గొలుసూ అలాగే ఉన్నాయి. గోడకు అక్కడ తుపాకి ఆకారంలో సున్నం తెల్లగా ఉండేది. శుక్రవారం అమ్మ స్టూలు వేసుకోవడం మానేసింది.

సద్దుల బతుకమ్మ రోజు మధ్యాహ్నం నేను వెనక గదిలో ఉన్నాను. చాలా రోజుల తర్వాత పాలంపేటదాన్ని బయటికి తీశాను. మూడేళ్లు పనిచేసినా నేను వదిలేసిన చిన్న దెబ్బ ఒకటి ఉంది దాని కుందా మీద, గొడ్డలి మడమ తగిలినట్టు. పండగ పూట ఊరికే కూర్చోలేక, దాన్ని కూడా లేపేద్దామని తడిగుడ్డ పరిచాను. పక్కన ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు ఎర్రగా ఉన్నాయి.

గడప దగ్గర అమ్మ నిలబడి ఉంది. చేతి మీద కొత్త పట్టుచీర, జుట్టులో తంగేడు పువ్వుల పొడి. ఆ గదిలోకి ఎప్పుడూ రానిది లోపలికి వచ్చింది, వచ్చి నా తుపాకిని చూసింది, తడిగుడ్డను చూసింది. వంగి ఇస్త్రీ పెట్టె పిడి పట్టుకుని ఎత్తింది.

"ఇది నా చీరెలకు" అంది. అంతే, తీసుకుని వెళ్లిపోయింది.

నాకిప్పుడు ఇరవై మూడు. పాలంపేటది ఇప్పుడు నా పేరు మీదే ఉంది, నాలీలు ఇంకా గుడిగంటలా మోగుతాయి. కుందా మీద ఆ దెబ్బ కూడా ఉంది. ఎవరు కొట్టారో, ఎవరి కోసం కొట్టారో కనుక్కుందామని రెండుసార్లు బస్సెక్కి పాలంపేట వెళ్లొచ్చాను. ఇంకా తెలియలేదు.